గోడ పక్క పద్నాలుగు కట్టలు

కాలేజీ లైబ్రరీల్లో కొత్తగా కొలువుకు చేరిన పిల్లలూ, మీకు మొదటిరోజే గోడమీద ఒక బోర్డు కనబడి ఉంటుంది. ‘నిశ్శబ్దం పాటించండి’ అని. అది చదువుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం పెట్టింది. మా లైబ్రరీలో మాత్రం దాన్ని పాటించింది జీతం తీసుకునేవాళ్ళం. విద్యార్థులు బల్లల చుట్టూ చేరి మార్కుల గురించి, సినిమాల గురించి, వాళ్ళ క్లాసులో ఎవరికి ఎవరితో పడదో దాని గురించి హాయిగా మాట్లాడుకునేవారు. పనిచేసే నలుగురం మాత్రం ఒకరికి తెలిసింది ఇంకొకరికి పొరపాటున కూడా చెప్పకుండా, నోరు కుట్టుకుని కూర్చునేవాళ్ళం.

ఆ బోర్డు కింద నేను చాలా ఏళ్ళు ఊడ్చాను. చీపురుతో పాటు నోరు కూడా ఆడించుకుంటూ ఊడ్చాను. అక్షరాలు వచ్చాక నేను మొత్తంగా చదివిన మొదటి మాట అదే. చదివి సిగ్గుపడ్డాను. ఎందుకు సిగ్గుపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నాది చింతమడక దిక్కు. నాట్లు వేసిన చేతులు. ఇంటాయనతో సిద్దిపేటకు వచ్చి కాలేజీలో ఊడ్చే పనిలో చేరాను. కొన్నేళ్ళకు అటెండర్‌ని చేసి లైబ్రరీలో వేశారు. పుస్తకం వీపు మీద అంటించిన చీటీలో అంకెలుంటాయి కదా, వాటి ఆకారం గుర్తుపట్టి అర మీద అర సర్దేదాన్ని. లోపల ఏముందో తెలియకపోయినా ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని. లోపల ఏముందో తెలిసినవాళ్ళు ఎక్కడుందో చెప్పలేకపోయేవారు. అట్లా మా లైబ్రరీ సరిసమానంగా నడిచింది.

నలభై ఆరో ఏట వాడకట్టులో పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే పోయి కూర్చున్నాను. రెండేళ్ళు పట్టింది. ఎగతాళి చేసినవాళ్ళందరి పేర్లూ ఇప్పుడు నేను రాయగలను. రాయను, అది వేరే సంగతి.

ఇక మా లైబ్రేరియన్ సారు గురించి. ఆయన చెడ్డమనిషి కాదు. పాత ఆఫీసులో ఈయన నోటితో చెప్పిన మాటను ఎవరో ‘మాకు చెప్పలేదు’ అని బుకాయించారట. మెమో ఈయనకు పడిందట. అప్పటి నుంచి ఆయనకు మనిషి నోటి మీద నమ్మకం పోయింది. ప్రతి మాటా రాతలో ఉండాలి. అందుకని ఒక రిజిస్టరు పెట్టారు. అందులో ఆయన ఆర్డరు రాస్తారు. కింద ‘చదివి అర్థం చేసుకున్నాను’ అని ఉంటుంది. దాని కింద మా సంతకాలు. చదవడం రాని రోజుల్లో నేను కూడా అక్కడ బొటనవేలి ముద్ర వేసేదాన్ని. చదివి అర్థం చేసుకున్నానని! ఆ రిజిస్టరు చూస్తే మా అంత అర్థం చేసుకునే సిబ్బంది జిల్లాలో ఎక్కడా ఉండరు. మా సీనియర్ అసిస్టెంటు అయితే మూడు పేజీలు ముందుకు తిప్పి, ఇంకా రాయని ఆర్డర్లకు కూడా సంతకాలు పెట్టి ఉంచాడు. పని తరుగుతుందని.

నేను సంతకం నేర్చుకున్నాను. రిజిస్టరులో మొదటిసారి పేరు రాసిన రోజు ఇంటికి మిఠాయి తీసుకుపోయాను. సరిగ్గా ఆ ఏడాదే సారు రిజిస్టరు మూసేసి ఫోన్లో గ్రూపు పెట్టారు. ఒకే తలుపు లోపల, ఒకే కప్పు కింద ఉన్న నలుగురికి ఒక గ్రూపు. సారు గదికీ మా బల్లకూ మధ్య పది అడుగులు. ఆ పది అడుగుల దూరం మెసేజ్ ఆకాశం దాకా పోయి వచ్చేది. వచ్చాక మేమందరం కింద బొటనవేలు బొమ్మ నొక్కాలి. నేను ముద్ర మానుకుని సంతకానికి వచ్చేసరికి, ఎమ్మేలు, ఎంఫిల్‌లు చదివినవాళ్ళంతా సంతకం మానుకుని బొటనవేలికి వచ్చారు. చదువు విలువ మీద నాకు అప్పుడే కొంచెం అనుమానం కలిగింది.

మరి నేను నోరెందుకు మూసుకున్నానో కూడా చెప్పాలి. నేనేం పుట్టు మూగదాన్ని కాదు.

అక్షరాలు వచ్చిన కొత్తలో కనబడిందల్లా చదివేదాన్ని. ఒక పరీక్షల సమయంలో సారు మా తలుపుకు నోటీసు అంటించారు. సాయంత్రం ఐదింటికి లైబ్రరీ మూస్తామని. కాలేజీ గేటు దగ్గర ప్రిన్సిపల్ మేడం అంటించిన నోటీసులో ఎనిమిది దాకా తెరిచి ఉంటుందని ఉంది. రెండూ చదివిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. సారు గది గుమ్మంలో నిలబడి చెప్పాను.

"సార్, గేటు కాడ ఎనిమిదని ఉన్నది. గీడ ఐదని ఉన్నది. పిల్లలు ఆగమైతరేమో."

సారు తల ఎత్తలేదు. సీనియర్ అసిస్టెంటు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, హాలంతా వినబడేట్టు అన్నాడు.

"సార్, ఇగ మనకు తనిఖీ ఆఫీసరు గీడనే తయారైంది. చీపురు పట్టుకోని తిరుగుతది, జర పైలం!"

విద్యార్థులు నవ్వారు. సారు అప్పుడు తల ఎత్తి, "చూడమ్మా, నీ పని పుస్తకాలు సర్దుడు. తప్పులు పట్టుడు గాదు," అన్నారు.

ఆ సాయంత్రం ఐదింటికి తాళం వేశాం. ఆరింటికి వచ్చిన పిల్లలు తలుపు ముందు నిలబడి మమ్మల్ని తిట్టుకుంటూ పోయారు. మర్నాడు మేడం సారును పిలిచి అడిగారు. సారు వచ్చి గ్రూపులో ‘సమన్వయం లోపించింది’ అని రాశారు. ముగ్గురం బొటనవేళ్ళు నొక్కాం.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అడిగితేనే చెప్పాలి. అడగకపోతే, ఇల్లు కాలుతున్నా చెప్పకూడదు. ఈ ఒట్టుకు నాకు బహుమానం కూడా వచ్చింది. ఏడాదికోసారి పనితీరు ఫారం నింపుతారు. అందులో ‘సహోద్యోగులతో సంభాషణ’ అని ఒక గడి ఉంటుంది. నేను ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడని ఆ ఏడాది నాకు ఆ గడిలో ‘చాలా బాగుంది’ వచ్చింది.

అట్లాంటి లైబ్రరీలోకి వచ్చిందా పిల్ల. మా నలుగురిలో ఒకాయన రిటైరైతే ఆ ఖాళీలో, కాంట్రాక్టు మీద అసిస్టెంటుగా. బెజ్జంకి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. లైబ్రరీ కోర్సు పెద్ద చదువే చదివింది. ఇంట్లో నెలనెలా జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇన్ని కష్టాలు ఉన్న మనిషి కుదురుగా ఉండాలా వద్దా? ఆమెకు అడిగే రోగం ఉంది. అన్నీ అడుగుతుంది.

"సార్, ఈ బీరువా తాళమెందుకేసిన్రు? సార్, పిల్లలు వెతికేటియి కింద అరల పెడితే ఏమైతది? అన్నా, నువ్వు చేసినవా, నన్ను చెయ్యమంటవా?"

సీనియర్ అసిస్టెంటును అట్లా అడిగితే అతను చాయ్ కప్పు దించి, "గ్రూపుల వెట్టు చెల్లే, చూస్త," అనేవాడు. ఆ ‘చూస్త’ ఎప్పటికీ చూడబడేది కాదు.

మొదటి ఏడాది ఫారంలో ఆమెకు ‘సంభాషణ’ గడిలో ‘మెరుగుపడాలి. ప్రశ్నలు ఎక్కువ’ అని రాశారు. నాకు చూపించింది.

"పెద్దమ్మా, నీకేమొచ్చింది?"

"చాలా బాగుందని వచ్చింది బిడ్డా."

"నువ్వసలు మాట్లాడవు గద!"

"గందుకే."

ఆమె ఎంత నవ్విందంటే బోర్డు ఉన్న గోడ కూడా అదిరింది.

ఇక అసలు సంగతి. పై నుంచి తనిఖీ వస్తోందని, పాతబడ్డ పుస్తకాలు ఏరాలని సారు చెప్పారు. సారీ, మెసేజ్ పెట్టారు. ఆ పని కాంట్రాక్టు పిల్ల మీద పడింది. పడిందంటే, మేమిద్దరం బొటనవేళ్ళు నొక్కి పక్కకు జరిగాం. రెండు నెలలు ఆమె దుమ్ములో కూర్చుని ఒక్కో పుస్తకం తిప్పి చూసింది. ఎవరికీ పనికిరాని పాత గైడ్లు, సిలబస్ మారిపోయిన పుస్తకాలు కిటికీ పక్క పెట్టింది. అవి పాత సామాన్ల దుకాణానికి. చిరిగినా దాచుకోవాల్సినవి గోడ పక్క పెట్టింది. అవి బైండింగుకు. గోడ పక్కవాటిలో ఇంకో చోట దొరకనివి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ కిందటి విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, మగ్గాలెన్ని, బావులెన్ని, ఎవరు ఏ పని చేస్తారు అని చేత్తో రాసుకొచ్చిన సర్వేలు. ఒక్కో ఊరికి ఒక్కటే ప్రతి. ఏవి పోవాలో, ఏవి ఉండాలో జాబితా రాసి సారుకు ఇచ్చింది.

కిటికీ పక్కవి పోయేవే కదా అని సుతిలి దారంతో ఏదో ఒకలా కట్టింది. గోడ పక్కవాటికి మాత్రం అట్టలు పెట్టి, కొత్త తాడుతో, నాలుగు వైపులా బిగించి కట్టింది. పద్నాలుగు కట్టలు. ప్రతి కట్ట తాడు కింద ఒక చీటీ దోపింది. ఎర్ర స్కెచ్చుతో వేలెడంత అక్షరాలు. ‘బైండింగుకు. పారేయవద్దు.’

"ఇంత పెద్దగెందుకు రాసినవ్ బిడ్డా? గుడ్డోళ్ళకా?" అన్నాను.

"నీకే పెద్దమ్మా. నువ్వు అద్దాలు మర్చిపోయి వస్తవ్ గద."

ఆమె అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయిన మాట అది.

ఒక బుధవారం సారు గ్రూపులో పెట్టారు: ‘రేపు పాత సామాన్ల వాళ్ళు వస్తారు. సిద్ధంగా ఉన్న కట్టలు అప్పగించాలి.’ గురువారం నుంచి శనివారం దాకా ఆ పిల్లకు హైదరాబాదులో పరీక్షలున్నాయి, సెలవు పెట్టింది. పోయే ముందు గ్రూపులోనే అడిగింది: ‘సార్, నేనిచ్చిన జాబితా చూసిన్రా? ఏమన్నా మార్చాల్నా, గట్లనే ఇయ్యాల్నా?’

ఇది అవునూ కాదూ అనే ప్రశ్న కాదు. అదా ఇదా అనే ప్రశ్న. సారు బొటనవేలు పెట్టారు. సీనియర్ అసిస్టెంటు బొటనవేలు పెట్టాడు. అబద్ధమెందుకు, నేను కూడా పెట్టాను. మూడు బొటనవేళ్ళు చూసుకుని ఆ పిల్ల బస్సెక్కింది.

గురువారం పొద్దున ఆటో ట్రాలీ వచ్చింది. సీనియర్ అసిస్టెంటు కుర్చీలోంచి లేవకుండానే హాలు ఆ చివరికి చూశాడు. కిటికీ పక్క సుతిలి ఊడిపోయి పుస్తకాలు జారుతున్నాయి. గోడ పక్క పద్నాలుగు కట్టలు పెళ్ళి సామానులా బిగించి ఉన్నాయి. సిద్ధంగా ఉన్నవి ఏవో అతనికి తెలిసిపోయింది. శ్రద్ధగా కట్టడమే ఆ పిల్ల చేసిన తప్పు.

"గా గోడ పక్కయి ఎత్తియ్యి," అన్నాడు నాతో.

నేను పోయాను. మొదటి కట్ట మీద చీటీ. చదివాను. అద్దాలు లేకుండానే చదివాను, అంత పెద్ద అక్షరాలు. ‘పారేయవద్దు.’

పిల్లలూ, ఇక్కడ నేను మీకు కథలు చెప్పొచ్చు. చూపు ఆనలేదని చెప్పొచ్చు. తొందరలో చూడలేదని చెప్పొచ్చు. అదేమీ కాదు. చదివాను, అర్థమైంది, నోరు తెరవబోయాను. ‘చీపురు పట్టుకోని తిరుగుతది’ అన్న మాట చెవిలో మోగింది. నన్నెవరైనా అడిగారా? లేదు. వాళ్ళకు తెలియదా? పెద్ద చదువులు. పోతే పోనీ, రేపు వాళ్ళకే తెలుస్తుంది, అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. ఇదీ నా మనసులో ఉన్నది. ఆ పిల్ల మొహం మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఇంకో సిగ్గుమాలిన పని చేశాను. చక్కని చేతిరాత కనబడితే దాచుకుని, ఇంట్లో దాన్ని చూసి దిద్దుకోవడం నాకు అలవాటు. ఆ చీటీల రాత ముత్యాల్లా ఉంది. ఒక్కో కట్ట ఎత్తే ముందు చీటీ గుంజి, మడిచి, బొడ్లో దోపుకున్నాను. పద్నాలుగు కట్టలు ట్రాలీలోకి, పద్నాలుగు చీటీలు నా బొడ్లోకి పోయాయి. ‘పారేయవద్దు’ అన్న మాటను జాగ్రత్తగా దాచుకుని, పారేయకూడని వస్తువును పారేసిన మనిషిని నేను.

సోమవారం పొద్దున, ఆ పిల్ల వచ్చి కూర్చోకముందే బైండింగు చాచా వచ్చాడు.

"కట్టలేవి సాబ్?"

సారు గోడ వైపు వేలు చూపించారు. గోడ ఉంది. గోడ మాత్రమే ఉంది.

సారు కుర్చీలోంచి లేచారు. గది నుంచి హాల్లోకి నడిచి వచ్చారు, పది అడుగులు. ఆయన అట్లా రావడం నేను చూసి చాలా కాలమైంది. సీనియర్ అసిస్టెంటు లేచి నిలబడ్డాడు. అది కూడా అరుదే.

"సార్, మీరు సిద్ధంగున్నయి ఇయ్యమన్నరు. నేను ఇచ్చిన. గ్రూపుల ఉన్నది చూడుండ్రి."

"చీటీలు పెట్టిన సార్," అంది పిల్ల. "ఒక్కోదానికి ఒక్కోటి పెట్టిన. పెద్దగ రాసిన."

"ఏ చీటీలు చెల్లే? నా కండ్లకైతే కానరాలే." అతను అబద్ధం చెప్పలేదు. కుర్చీలోంచి కనబడవు.

సారు కిటికీ పక్క కట్టలు చూపించారు. వాటికి చీటీలు లేవు, పోయేవాటికి ఎందుకని ఆమె పెట్టలేదు. "మరి వీటికెందుకు లేవు?" అన్నారు. ఆమె జవాబు ఎవరూ వినలేదు. అప్పుడామె నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వే ఎత్తినవట గద. నువ్వన్న చూసినవ్ గద చీటీలు?"

అడిగింది. నా ఒట్టు ప్రకారం అడిగితే చెప్పాలి కదా.

"నాకేం ఎరుక బిడ్డా. ఎత్తుమన్నయి ఎత్తిన," అన్నాను.

అన్నీ అడిగే పిల్ల, ఆ తర్వాత ఆ రోజంతా ఒక్క ప్రశ్న అడగలేదు.

మామూలు మనుషులైతే ఏం చేస్తారు? పాత సామాన్ల దుకాణానికి ఉరుకుతారు. మాది కాలేజీ లైబ్రరీ. ముందు తప్పెవరిదో తేలాలి. సారు లోపలికి పోయి గ్రూపులో పెట్టారు: ‘విచారణ పూర్తయ్యే వరకు ఎవరూ దుకాణానికి వెళ్ళరాదు. రేపు ఉదయం ప్రిన్సిపల్ గారి గదిలో హాజరు కావాలి.’ కింద బొటనవేళ్ళు పడ్డాయి. ఆ పిల్లది కూడా పడింది.

ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం అప్పటికే మేడం బల్ల మీద ఉందని మాకందరికీ తెలుసు. సంతకం ఒక్కటే బాకీ.

ఇంటికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎప్పటిలా దిద్దుకుందామని చీటీలు తీశాను. పలక మీద ‘బైం’ రాశాను. చెయ్యి ముందుకు పోలేదు. ఎసరు మరిగి సగమైంది. చీటీలు బయటపెడితే ఆ పిల్ల నిలబడుతుంది, నేను పడతాను. చదివీ ఎత్తినదాన్ని. అడిగితే అబద్ధమాడినదాన్ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. బయటపెట్టకపోతే ఎవరికీ తెలియదు. చదువు రాని ముసలిది, దానికేం తెలుసు అనుకుంటారు. నలభై ఆరేళ్ళు ఆ మాట పడలేకనే కదా బడికి పోయింది! ఇప్పుడు ఆ మాట వెనకే దాక్కోవాలా?

ఇంటాయనకు చెప్పాను. ఆయన అన్నం కోసం చూస్తున్నాడు.

"చెప్పేదుంటే ఆడ చెప్పు. నాకు చెప్తే ఏమొస్తది? నాకు అన్నం వెట్టు," అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నేను విన్న ఆర్డర్లలో ఇంత స్పష్టమైనది ఇంకోటి లేదు.

మంగళవారం మేడం గదిలో నిలబడ్డాం. సారు కాగితం చూసి చదివారు. ‘సదరు ఉద్యోగిని తన పనిని తోటివారికి స్పష్టంగా తెలియజేయడంలో విఫలమైనందున...’ మేడం కళ్ళద్దాలు తీసి పిల్ల వైపు చూశారు.

"ఏమ్మా, నువ్వేమంటావు?"

"చీటీలు పెట్టిన మేడం." అంతే అంది. కళ్ళెత్తలేదు.

"ఉన్నాయా ఎవరి దగ్గరైనా?"

మేడం ఆ మాట గాలికి అన్నారు. మా అందరి మొహాలూ గ్రూపులో మెసేజ్ వచ్చినట్టు కిందికి వంగాయి. నేను సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. పద్నాలుగు. ముడతలు సాపు చేసి తెచ్చాను.

"నా తాన ఉన్నయి మేడం. ఆ పిల్ల పెట్టింది. నేనే గుంజిన."

"నీకు చదువొచ్చా?" అన్నారు మేడం.

"వచ్చు. చదివిన. పారేయొద్దని ఉన్నది. చదివే ఎత్తిన. నిన్న బిడ్డ అడిగితే నాకెరుక లేదన్న. అబద్ధం."

"చదివి ఎందుకు ఎత్తినవ్?" సారు అరిచారు. అన్ని ఏళ్ళలో ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"నన్నెవరు అడగలే సార్. మీరే అన్నరు, నా పని తప్పులు పట్టుడు గాదని. ఆయనేమో కుర్సీల నుంచి లేవడు. మీరేమో గదిల నుంచి రారు. గీ పిల్ల అడిగితే మీరందరు వేలు వెట్టిన్రు, నేను గూడ వెట్టిన. మనం నలుగురం ఉన్నం సార్, మాట్లాడే నోరు గీ బిడ్డకొక్కదానికే ఉన్నది. దాన్నే తీసేస్తమంటే ఇగ లైబ్రరీకి తాళమేసుకోని పోవుడే నయం."

మేడం ఫోను అడిగి గ్రూపు చూశారు. ‘ఏమన్నా మార్చాల్నా, గట్లనే ఇయ్యాల్నా?’ చదివారు. దాని కింద బొటనవేలు చూశారు. సారుకు చూపించారు.

"ఇది దేనికి? మార్చమనా, ఇవ్వమనా?"

రాతలో ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరని ఆయనే కదా మాకు నేర్పింది.

"దుకాణానికి ఎవరు వెళ్ళారు?" అని మేడం అడిగారు. ఎవరూ వెళ్ళలేదని, విచారణ జరుగుతోందని సారు చెప్పారు. ఆ తర్వాత మేడం అన్న మాటలు ఆమె హోదాకు తగినవి కావు, కాబట్టి రాయను. నేనూ ఆ పిల్లా ఆటో ఎక్కాం.

ఊరి చివర, ఇనుము ఒకవైపు, అట్టలు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు కుప్పలు. దుకాణం ఆయన మమ్మల్ని చూసి విషయం కూడా పూర్తిగా వినకుండా గొంతెత్తాడు.

"అరేయ్! కాలేజీ కట్టలు ఏడున్నయిరా?"

కుప్ప వెనక నుంచి జవాబు. "కొత్త తాడువేనా అన్నా? తొమ్మిదున్నయి! ఐదు పొద్దుగాల లారీల పోయినయి!"

ఒక ప్రశ్న, ఒక జవాబు. ఊపిరి తీసుకునేంతసేపు కూడా పట్టలేదు. మా లైబ్రరీలో అదే పనికి మూడు మెసేజ్‌లు, ఒక విచారణ.

"నిన్న రాకపోయిన్రా అవ్వా?" అన్నాడాయన. "నిన్నటి దాక పద్నాలుగు ఉండె. తాడు మంచిగున్నదని పక్కకు పెట్టిపిచ్చిన."

నిన్న. నిన్న నేను ‘నాకేం ఎరుక’ అన్నాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు. తొమ్మిది కట్టలు ఆటోలో పెట్టుకుని వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు ఒడిలో ఒక కట్ట పెట్టుకుని తాడు సవరించింది. తర్వాత అడిగింది.

"చీటీలు ఎందుకు దాచుకున్నవ్ పెద్దమ్మా?"

"నీ రాత మంచిగుంటది బిడ్డా. దిద్దుకుందామని."

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నాకు దానికన్నా ఏడుపే నయమనిపించింది.

ఆమె కాంట్రాక్టు మీద మేడం ఆ రోజే సంతకం పెట్టారు. నాకు మెమో వచ్చింది. సీనియర్ అసిస్టెంటుకు ఏమీ రాలేదు. ఆయన ఏ తప్పూ చేయలేదు కదా, ఏదైనా చేస్తేనే తప్పు. సారు మాత్రం కొంచెం మారారు. గ్రూపు తీసేయలేదు, అంత విప్లవం ఆశించకండి. మెసేజ్ పెట్టాక, గది నుంచి బయటికి వచ్చి, "మెసేజ్ చూసిన్రా? ఏమర్థమైంది?" అని అడగడం మొదలుపెట్టారు. పది అడుగులు నడవడానికి ఆయనకు ఐదు కట్టల ఖరీదైంది.

ఆ ఐదు కట్టల సంగతి మీరు మరిచిపోయినా నేను మరవలేదు. కొన్నాళ్ళకు ధూళిమిట్ట నుంచి ఒక ఆడపిల్ల వచ్చింది. డిగ్రీలో కొత్తగా చేరింది. "అవ్వా, మా నాయిన గీడ చదివిననాడు మా ఊరి సర్వే రాసిండట. ఆయన చేతిరాత చూద్దామని," అంది. ఇప్పుడాయన లేడట. నేను బీరువా తెరిచి వెతికినట్టు చేయొచ్చు. తెరవలేదు. "లేదు బిడ్డా. ఉండె. నేనే పోగొట్టిన," అన్నాను. ఎట్లా అని అడిగింది. చెప్పాను, మొత్తం. ఆమె విని, బోర్డు కింద నుంచి నడిచి పోయింది. మా బైండింగు చాచా అంటుంటాడు, చిరిగిన పుస్తకాన్ని కుట్టొచ్చుగానీ లేని పుస్తకాన్ని కుట్టలేమని.

ఆ ఏడాది పనితీరు ఫారం వచ్చింది. ‘సంభాషణ’ గడిలో సారు నీలి సిరాతో రాశారు: ‘మెరుగుపడాలి. అడగకుండానే మాట్లాడును.’ కాంట్రాక్టు పిల్ల నా భుజం మీదుగా వంగి చదివి, "పెద్దమ్మా, నా దాంట్లకు వచ్చినవ్!" అంది.

అద్దాలు పెట్టుకున్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. కింద అచ్చు వేసిన వరుస ఎప్పటిదే, ‘చదివి అర్థం చేసుకున్నాను’. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట కింద ముద్రలు వేశాను, సంతకాలు పెట్టాను. ఒక్కటీ నిజం కాదు. ఆ రోజు కలం తీసుకుని, ఆ పిల్ల రాతను చూసి నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, నా పేరు మొత్తం రాశాను.